కుటుంబంతో క్యాంపింగ్: ఎక్కడ తేడా కొడుతుంది, ఎలా సరిచేసుకోవాలి

టెంట్‌లో గడిపిన రాత్రి చెడిపోతే చాలామంది ముందు సామాను మీద పడతారు. టెంట్ మంచిది కాదు, స్లీపింగ్ బ్యాగ్ పల్చగా ఉంది, ఈసారి ఖరీదైనది కొనాలి అనుకుంటారు. కొనే ముందు కారణం పట్టుకోండి. ఎక్కువసార్లు తప్పు వస్తువులో ఉండదు. టెంట్ ఎక్కడ వేశారు, ఏ వేళకు చేరుకున్నారు, పడుకునే ముందు ఏం చేశారు అన్న వాటిలో ఉంటుంది. ఇవన్నీ డబ్బు ఖర్చు లేకుండా మార్చుకోగలిగినవే.

పొద్దున లేచేసరికి టెంట్ లోపలంతా తడి

టెంట్ కారుతోందనే అనుమానమే ముందు వస్తుంది. వాన పడని రాత్రి కూడా తడి ఉందంటే అది కారడం కాదు. నిద్రలో ఊపిరితో, చెమటతో మన ఒంట్లోంచి తేమ బయటికి వస్తూనే ఉంటుంది. నలుగురు పడుకున్న చోట ఆ ఆవిరికి బయటికి దారి లేకపోతే, చల్లబడిన గుడ్డకు తగిలి నీరవుతుంది. చల్లటి నీళ్ల గ్లాసుకు బయట చెమట పట్టినట్టే.

వాన పడిన రాత్రి తేల్చుకోవడం కొంచెం కష్టం. గుడ్డ లోపలి వైపు వేలితో నిమిరి చూడండి. అంతటా ఒకేలా సన్నటి బిందువులు ఉంటే అది ఆవిరి. ఒక కుట్టు వెంబడో, ఒక మూల నుంచో మాత్రమే నీటి చార దిగుతుంటే నిజంగానే కారుతోంది. గోడలు పొడిగా ఉండి నేల మాత్రం తడిసిందంటే నీళ్లు కింద నుంచి వస్తున్నాయి. మూడింటికీ మందు వేరు.

ఆవిరికి గాలే మందు. చలేస్తోందని గాలి కిటికీలన్నీ మూసేయకండి. వాన పడుతున్నా పైన ఒకటి, కింద ఎదురు వైపు ఒకటి తెరిచే ఉంచాలి. పై కవర్ వదులై లోపలి గుడ్డకు అంటుకోకుండా తాళ్లు బిగించాలి. రాత్రి మంచుకు గుడ్డ సాగుతుంది కాబట్టి పడుకునే ముందు ఇంకోసారి బిగించడం మంచిది. తడి బట్టలు లోపల ఆరేయకండి. వాగు ఒడ్డున పల్లం చూడ్డానికి బాగుంటుంది గానీ, రాత్రి చల్లగాలి పల్లంలోకే దిగి నిలుస్తుంది. వాన పడితే నీరు చేరేదీ అక్కడికే. కాస్త ఎత్తున ఉన్న చోటు చూసుకోండి.

కుట్లు కారుతుంటే ఇంటికొచ్చాక టెంట్‌ను శుభ్రంగా ఆరబెట్టి సీమ్ సీలర్ (కుట్ల సందులు మూసే జిగురు) పూయాలి. సిలికాన్ పూత ఉన్న గుడ్డకు ఒక రకం, పాలియురేథేన్ పూతకు ఇంకో రకం ఉంటుంది. సరిపడనిది పూస్తే అంటుకోదు, చూసి కొనండి. ఇక నేల తడికి అసలు దోషి చాలాసార్లు టెంట్ కింద పరిచిన పట్టానే. అది టెంట్ కంటే పెద్దదై బయటికి వస్తే, పై కవర్ మీంచి జారిన వాన నీరు దాని మీద పడి నేరుగా టెంట్ కిందికి పోతుంది. అంచులు నాలుగు వైపులా లోపలికి మడిచేస్తే సరి.

ఎన్ని కప్పుకున్నా చలి తగ్గడం లేదు

చలి పైనుంచి కాదు, నేల నుంచి వస్తోంది. స్లీపింగ్ బ్యాగ్‌లోని ఫైబర్ మధ్య చిక్కిన గాలే మనల్ని వెచ్చగా ఉంచుతుంది. మన బరువుకు కింది భాగం నలిగిపోయాక అక్కడ గాలి మిగలదు. గాలి ఊదే పరుపు ఎత్తుగా ఉంటుంది కాబట్టి చాలనుకుంటారు గానీ, లోపల ఇన్సులేషన్ లేనిదైతే అందులోని గాలి అటూ ఇటూ కదులుతూ ఒంటి వేడిని నేలకు మోసేస్తుంది.

చలేసినప్పుడు వీపుకీ పరుపుకీ మధ్య చెయ్యి పెట్టి చూడండి. పరుపు చల్లగా తగిలితే కప్పుకున్న దుప్పటి తీసి కింద పరుచుకోండి. ఆ ఒక్క మార్పుతో చాలామందికి నిద్ర పడుతుంది. తర్వాతిసారికి ఒక ఫోమ్ మ్యాట్ తెచ్చి గాలి పరుపు మీద వేసుకోండి. మ్యాట్ల మీద ఆర్-వాల్యూ అని ఒక అంకె ఉంటుంది, అది ఎంత ఎక్కువైతే ఒంటి వేడి నేలకు పోకుండా అంతగా ఆపుతుంది. వేసవి రాత్రులకు 2 దగ్గరగా ఉన్నా చాలు, గట్టి చలికి 4 దాటాలి. రెండు మ్యాట్లు కలిపి వేస్తే వాటి అంకెలు కూడతాయి. స్లీపింగ్ బ్యాగ్ కొనేటప్పుడు దాని మీదున్న లిమిట్ ఉష్ణోగ్రత (ఎలాగోలా ఓర్చుకోగల చలి) కాకుండా కంఫర్ట్ ఉష్ణోగ్రత (హాయిగా నిద్రపట్టే చలి) చూడాలి. కొండ మీదికి వెళ్తుంటే కింద ఊరి వాతావరణ సమాచారం నమ్ముకోకండి. ప్రతి 1000 మీటర్ల ఎత్తుకు సగటున 6.5 డిగ్రీల సెల్సియస్ తగ్గుతుంది.

పిల్లల సంగతి వేరు. వాళ్ల ఒంట్లో వేడి పెద్దల కంటే త్వరగా పోతుంది. చలేస్తోందని చెప్పడం కూడా అందరికీ తెలియదు, ఊరికే పేచీ పెడతారు. పగలంతా ఆడిన సాక్సులు చెమటతో తడిసి ఉంటాయి, వాటితోనే పడుకోబెడితే కాళ్లు వెచ్చబడవు. సాక్సులతో సహా అన్నీ పొడివి మార్చి, టోపీ పెట్టండి. పెద్దవాళ్ల బ్యాగ్‌లో చిన్నపిల్లను పడుకోబెడితే కాళ్ల దగ్గరి ఖాళీని వెచ్చబెట్టడానికే ఒంటి వేడంతా పోతుంది. ఆ చివర మడిచి కింద పెట్టేయండి.

ఎంత చలైనా టెంట్ లోపల స్టవ్, బొగ్గుల కుంపటి పెట్టొద్దు. బూడిద కప్పిన నిప్పులూ వద్దు. వాటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు. నిద్రలో ఉన్నవాళ్లకు తెలియకుండానే ప్రాణం తీస్తుంది.

పిల్లలు పడుకోరు, ఇంటికి వెళ్దామంటారు

టెంట్, చీకటి, చప్పుళ్లు, పడక అన్నీ ఒకే రాత్రి కొత్తవైతే పిల్లలు బెదురుతారు. వెళ్లడానికి వారం ముందే ఇంటి ఆవరణలోనో, అదీ లేకపోతే హాల్లోనో టెంట్ వేసి ఒక రాత్రి అందరూ అందులో పడుకోండి. పోల్ విరిగినా, జిప్పు పట్టేసినా అప్పుడే బయటపడుతుంది కూడా. పిల్లలకు తలా ఒక టార్చ్ ఇవ్వండి, అది వాళ్ల సొంతం అనాలి. రోజూ తలకింద పెట్టుకునే దిండు తీసుకెళ్లండి. మొదటి ట్రిప్ ఒక్క రాత్రికే, అవసరమైతే వెనక్కి రాగలిగినంత దూరంలో పెట్టుకుంటే పెద్దవాళ్లకూ టెన్షన్ ఉండదు.

టెంట్ మీద నలుగురికి అని రాసి ఉంటే భుజానికి భుజం ఆనుకుని నలుగురు పడతారని అర్థం. సామానుతో వెళ్లే నలుగురికి ఆరుగురి టెంట్ కావాలి.

చేరేసరికి చీకటి పడింది, అంతా గందరగోళం

ప్లాన్‌ను సూర్యాస్తమయం నుంచి వెనక్కి లెక్కేయండి. చీకటికి 3 గంటల ముందు అక్కడ ఉండాలంటే ఎప్పుడు బయల్దేరాలి? పిల్లల కోసం దారిలో ఆగేవి కూడా అందులో కలపండి. డిక్కీలో టెంట్, లైట్లు, తాగే నీళ్లు అన్నిటికంటే చివర పెట్టాలి, ముందు కావలసినవి అవే.

గ్యాస్ ఉంది, మంట మాత్రం సన్నగిల్లుతోంది

స్టవ్‌కు తగిలించే క్యానిస్టర్ (చిన్న గ్యాస్ డబ్బా)లోని బ్యూటేన్ -0.5 డిగ్రీల దగ్గర మరుగుతుంది, అంతకంటే చల్లబడితే ఆవిరై మంటకు అందదు. వాడుతున్నకొద్దీ క్యానిస్టర్ తనంతట తానే చల్లబడుతుంది, కాబట్టి బయట గడ్డకట్టేంత చలి లేకపోయినా తెల్లవారుజామున మంట రాదు. -42 డిగ్రీల్లోనూ ఆవిరయ్యే ప్రొపేన్ కలిసిన క్యానిస్టర్ తీసుకెళ్లండి. వెలిగించే ముందు కాసేపు కోటు లోపల పెట్టుకున్నా పని జరుగుతుంది. మంట మీద మాత్రం వేడి చేయకండి.

ఐస్ బాక్స్‌లో ఐస్ సాయంత్రానికే కరిగింది

పిల్లలు డ్రింక్స్ కోసం పదేపదే తెరుస్తుంటారు. తాగేవాటికి వేరే బాక్స్ పెట్టండి. చిన్న ముక్కల కంటే పెద్ద దిమ్మ ఎక్కువసేపు నిలుస్తుంది. పాడయ్యే తిండి ఎండలో 32 డిగ్రీలు దాటిన చోట గంటసేపు బయట ఉండిపోతే పారేయండి.

ఉరుములు మొదలయ్యాయి

టెంట్ వాన నుంచి కాపాడుతుంది గానీ పిడుగు నుంచి కాదు. చెట్టు కిందికి కూడా వెళ్లకండి. అందరూ పైకప్పు లోహంతో ఉన్న కారెక్కి అద్దాలు మూసేయండి, లోహపు భాగాలు తాకకండి. చివరి ఉరుము విన్నాక 30 నిమిషాలు గడిచేదాకా దిగొద్దు. పిల్లలతో వెళ్లేటప్పుడు కారు దగ్గరికి తొందరగా నడిచి చేరగలిగిన చోటే ఎంచుకోమనేది ఇందుకే.