కొత్త గైడ్ వేయించిన బుల్లెట్ వేడెక్కగానే ఆగిపోతుంటే

సమస్య ఇలా ఉంటుంది. పోత ఇనుప ఇంజిన్ ఉన్న పాత బుల్లెట్‌కు హెడ్‌లోని (ఇంజిన్ పైభాగంలోని) రంధ్రం అరిగి, షాపులో దొరికే వాల్వ్ గైడ్ (వాల్వ్ కాడ కదిలే గొట్టం) వదులైతే, కాస్త లావుగా కొత్త గైడ్‌ను లేత్ మీద చేయించి వేస్తారు. బండి చల్లగా ఉన్నప్పుడు ఒక్క కిక్కుకే స్టార్ట్ అవుతుంది. పది పదిహేను కిలోమీటర్లు వెళ్లేసరికి బలం తగ్గి ఆగిపోతుంది. అరగంట చల్లారితే ఏమీ జరగనట్టు మళ్లీ నడుస్తుంది.

ఈ లక్షణం చూడగానే చాలామంది ఇగ్నిషన్ కాయిల్ మారుస్తారు, కార్బురేటర్ విప్పుతారు. అంతకుముందు చేయవలసిన పరీక్షకు పానా కూడా అక్కర్లేదు: బండి ఆగిన చోటే, ఇంజిన్ వేడి తగ్గకముందే, కిక్కర్‌ను మెల్లగా తొక్కి చూడాలి. కంప్రెషన్ కాలికి గట్టిగా తగిలితే కాయిల్‌ను అనుమానించవచ్చు. తగలకుండా కిక్కర్ కిందికి జారిపోతే డీకంప్రెసర్ (స్టార్ట్ చేసేటప్పుడు కంప్రెషన్ వదిలించే మీట) కేబుల్ బిగుసుకుపోలేదని చూసుకుని, ట్యాపెట్ (పుష్‌రాడ్‌ను నెట్టే భాగం) మూత తీయండి. రెండు వాల్వులూ మూసుకుని ఉండవలసిన స్థితిలో ఎగ్జాస్ట్ పుష్‌రాడ్ (ఆ వాల్వ్‌ను తెరిపించే కడ్డీ) వేళ్లతో తిప్పినా తిరగకపోతే ట్యాపెట్ బిగువుగా పెట్టారన్నమాట, అది సరిచేస్తే చాలు. అలా కాక పైకీ కిందికీ ఊగుతుంటే వాల్వ్ తెరుచుకున్న చోటే గైడ్‌లో పట్టేసింది.

అసలు కారణం నన్ను రెండుసార్లు హెడ్ విప్పించింది. లేత్ షాపులో గైడ్‌ను చేతిలో పెట్టుకుని వాల్వ్ దూర్చి చూశాను. నూనె రాసిన స్టెమ్ (వాల్వ్ కాడ) హాయిగా జారింది. అయితే గైడ్ హెడ్‌లో నిలబడాలంటే దాని బయటి కొలత హెడ్‌లోని రంధ్రం కన్నా కొన్ని వందోవంతుల మిల్లీమీటరు పెద్దదిగా ఉండాలి, ఆ బిగువుతో లోపలికి ఎక్కించినప్పుడు గైడ్ నలువైపుల నుంచీ నొక్కుకుపోయి లోపలి రంధ్రం కూడా చిన్నదవుతుంది. తగ్గేది ఒకటి రెండు వందోవంతులే కాబట్టి చల్లగా ఉన్నప్పుడు వాల్వ్ ఇంకా కదులుతూనే ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు. కానీ ఎగ్జాస్ట్ వాల్వ్ స్టెమ్ 8 మి.మీ. ఉందనుకుంటే, 300 డిగ్రీలు వేడెక్కేసరికి దాని మందం దాదాపు 0.04 మి.మీ. పెరుగుతుంది. గైడ్ అంత వేడెక్కదు గనుక దాని రంధ్రం అంతగా పెరగదు. మిగిలిన సందు అక్కడితో అయిపోతుంది. టర్నర్ (లేత్ పనివాడు) తప్పు చేయలేదు, నేను అడిగిన కొలతే ఇచ్చాడు. ఎక్కించిన తరువాత కొలవకపోవడమే తప్పు.

స్టెమ్ వంకర, స్ప్రింగ్ బలహీనత, కార్బన్ పేరుకోవడం వంటివి అరుదు. వాల్వ్ బయటికి తీసినప్పుడు అవి ఎలాగూ కనిపిస్తాయి.

పరిష్కారం కోసం వాల్వ్ తీసి స్టెమ్ చూడండి. మెరుస్తున్న రాపిడి గీతలుంటే, అందులోనూ గోరుకు తగిలేంత లోతుగా ఉంటే, ఆ వాల్వ్‌ను మళ్లీ వాడకండి. గైడ్‌ను హెడ్‌లోనే ఉంచి, సరైన రీమర్‌ను (రంధ్రాన్ని గీకి కొలతకు తెచ్చే పనిముట్టు) ఒకే దిశలో నెమ్మదిగా తిప్పుతూ లోపలి కొలతను సర్వీస్ మాన్యువల్‌లో ఎగ్జాస్ట్‌కు చెప్పిన సందుకు తేవాలి. ఇన్‌లెట్ కన్నా ఎగ్జాస్ట్‌కు ఎక్కువ సందు కావాలి. రీమింగ్ వల్ల గైడ్ మధ్యరేఖ కొద్దిగా పక్కకు జరగవచ్చు. అందువల్ల సీటును (వాల్వ్ మూసుకున్నప్పుడు ఆనే అంచు) గైడ్ ఆధారంగా మళ్లీ కోయించి, ఆ తరువాతే పేస్టుతో గ్రైండింగ్ చేయాలి. ఈ క్రమం తప్పితే వాల్వ్ పట్టేయడం మానినా కంప్రెషన్ లీకవుతూనే ఉంటుంది.

కొత్తగా చేయించేవారు టర్నర్‌కు పాత గైడ్‌ను నమూనాగా ఇచ్చి ఊరుకోకండి. హెడ్‌నే తీసుకెళ్లి, రంధ్రాన్ని బోర్ గేజ్‌తో కొలిపించి, గైడ్ లోపలి రంధ్రాన్ని చివరికి కావలసిన కొలత కన్నా కావాలనే 0.1 మి.మీ. చిన్నదిగా ఉంచమనండి, మిగిలిన పని హెడ్‌ను వేడిచేసి గైడ్ ఎక్కించి, అది పూర్తిగా చల్లారిన తరువాత రీమర్‌తో చేయాలి.