ఈఏపీసెట్ సీటు కోసం ఎదురుచూపు: లక్షణాలు, కారణాలు, పరిష్కారాలు

తెలంగాణలో ఇంజినీరింగ్ వంటి కోర్సుల ప్రవేశ పరీక్ష ఎంసెట్ పేరు 2024లో ఈఏపీసెట్‌గా మారినా, ఆప్షన్లు (కోరుకున్న కాలేజీలు, కోర్సుల వరుస) ఫ్రీజ్ చేసిన, అంటే ఖరారు చేసిన నాటి నుంచి సీటు కేటాయించే నాటి వరకు ఇంటిల్లిపాదికీ పట్టే దడ మాత్రం మారలేదు.

లక్షణం: విద్యార్థి అర్ధరాత్రి లేచి, "మొదటి ఆప్షన్‌గా అంత పెద్ద కాలేజీ పెట్టి తప్పు చేశానా?" అని అమ్మను నిద్రలేపుతాడు.

కారణం: అందని కాలేజీని పైన పెడితే అందే కాలేజీ కూడా చేజారుతుందనే అపోహ. నిజానికి రిజర్వేషన్, స్థానికత నిబంధనలకు లోబడి, ర్యాంకుల వరుసలో ఒక్కొక్క అభ్యర్థి ఆప్షన్లను పైనుంచి కిందికి చూసుకుంటూ, ఖాళీగా దొరికిన మొదటి సీటును కేటాయిస్తారు. మీ మొదటి ఆప్షన్ దొరకకపోతే రెండోదాన్ని చూస్తారు. పై ఆప్షన్ దొరకనందువల్ల కింది ఆప్షన్‌కు నష్టం ఏమీ ఉండదు.

పరిష్కారం: ఇష్టాన్ని బట్టే వరుస పెట్టండి, కింద మాత్రం గత ఏడాది చివరి ర్యాంకులు చూసి, మీ ర్యాంకుకు దాదాపు తప్పక వచ్చే కాలేజీలను కూడా చేర్చండి. 2025లో ఇచ్చినట్లు మాక్ (నమూనా) కేటాయింపు ఉంటే, దాన్ని చూసి గడువులోగా వరుస సరిదిద్దుకోవచ్చు. గడువు ముగిశాక ఆ జాబితాను మళ్లీ మళ్లీ తెరిచి చూడటం వల్ల గుండె దడ తప్ప మరేదీ పెరగదు.

లక్షణం: ఒక్క లాగిన్‌ను నాన్న, అక్క, బాబాయి తలో ఫోనులో నిమిషానికోసారి తెరుస్తారు. అలా తెరిచినంత మాత్రాన ఫలితం ముందుగా రాదు కాబట్టి, ఆ బాధ్యతను ఇంట్లో అందరికన్నా నిదానస్తులైన ఒక్కరికి అప్పగించండి. బంధువుల ఫోన్లకు సమాధానం చెప్పే పనిని నాన్న తీసుకుంటే బిడ్డకు ఎంతో మేలు.

లక్షణం: సీటు వచ్చింది, మిఠాయిలు పంచారు, కానీ ఇంకా ఏదో మిగిలిపోయిందనే గుబులు. ఆ గుబులును కొట్టిపారేయకండి. గడువులోగా ఫీజు చెల్లించి, సీటు తీసుకుంటున్నట్లు ఆన్‌లైన్‌లో తెలిపే సెల్ఫ్ రిపోర్టింగ్ చేయకపోతే చేతికొచ్చిన సీటు రద్దవుతుంది. తర్వాతి విడతకు వెళ్లేవారు ఇప్పటి సీటు కన్నా నిజంగా మెరుగనుకున్న ఆప్షన్లనే పెట్టాలి, ఎందుకంటే కొత్త సీటు రాగానే పాతది దానంతటదే పోతుంది, మళ్లీ అడిగినా ఇవ్వరు.