ఫ్యాన్సీ నంబరు పాడుకొనే ముందు

విజయవాడలో ముప్పై నాలుగేళ్లు నంబరు ప్లేట్లు రాశాను. అంకె ఎత్తు 65 మిల్లీమీటర్లు, గీత మందం 10, అంకెకూ అంకెకూ మధ్య ఎడం 10. కారు ప్లేటుకు 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెప్పిన ఈ కొలతలు స్కేలు లేకుండానే నా చేతికి వచ్చేస్తాయి. 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండికి అచ్చుగుద్దిన హై సెక్యూరిటీ ప్లేటే ఉండాలన్న నిబంధన వచ్చాక ప్లేట్ల మీద కుంచె పని తగ్గిపోయింది. ఇప్పుడు దుకాణాల బోర్డులు రాస్తున్నాను. అయినా కారు కొంటున్నవారు నా దగ్గరికి వచ్చి కూర్చుంటారు. "ఏ నంబరు తీసుకోమంటారు?" అని అడుగుతారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు తేల్చుకోవలసింది, ఆ నంబరు ఎవరి కోసమన్నది. చూసేవాళ్ల కోసమా, మీ కోసమా? రెండూ తప్పు కాదు, కానీ రెండింటి ఖర్చూ వేరు. చూసేవాళ్ల కోసమైతే 9999, 0001, 0009, 7777 లాంటివే కావాలి. వాటి కోసం వేలంపాటలో ఎదుట ఇంకో నలుగురు నిలబడి ఉంటారు. మీ కోసమైతే ఆ నంబరుకు పోటీయే ఉండకపోవచ్చు.

నంబరు చూసి మనిషిని చెప్పేయగలనని చాలా కాలం నేనూ అనుకున్నాను. 9999 అంటే భూముల వ్యాపారం. 1 అంటే రాజకీయం, లేదా ఆ ఆశ. 786 అంటే భక్తి ఉన్న ముస్లిం కుటుంబం. 1116 అంటే సంభావన ఇచ్చే చేయి, పెళ్లిళ్లలో పెద్దరికం ఉన్న ఇల్లు. అంకెలు విడివిడిగా అందంగా లేని నంబరును పట్టుబట్టి తీసుకున్నారంటే పుట్టిన తేదీ. చాలాసార్లు సరిపోయేది. అందుకే ధీమా పెరిగింది.

ఆ ధీమా పోయిన రోజు నాకు బాగా గుర్తు. ఒక మధ్యాహ్నం నలభై ఏళ్ల మనిషి చిన్న కారు తెచ్చి 1956 రాయమన్నాడు. ఆ నంబరు కోసం మూడు వారాలు ఆగాడట. రాష్ట్రావతరణ సంవత్సరం కదా, ఏదైనా పార్టీ మనిషో, చరిత్ర పాఠం చెప్పే మాస్టారో అయివుంటాడనుకొని అదే మాట అన్నాను. ఆయన తల ఊపి, "మా నాన్నగారు క్లీనరుగా ఎక్కిన లారీ నంబరండీ అది. ఇరవై రెండేళ్లు ఆ బండి మీదే ఉన్నారు. డ్రైవరు కూడా కాలేదు" అన్నాడు. తండ్రి కారులో వెనక సీట్లో కూర్చొని ఉన్నాడు. నేను అంకెలు నింపుతున్నంతసేపూ దిగి వచ్చి నా పక్కనే నిలబడి చూశాడు. ఆరు అంకె కడుపు పూర్తికాగానే వేలు పెట్టబోయి, తడిగా ఉందని తెలిసి వెనక్కి తీసుకున్నాడు. ఆ తరవాత నంబరును బట్టి మనిషిని అంచనా వేయడం మానుకున్నాను. అడుగుతాను, చెబితే వింటాను.

కాబట్టి నా దగ్గరికి వచ్చినవారిని మొదట ఇంట్లో పాత కాగితాలు తీయమంటాను. తాతగారి స్కూటరు ఆర్సీ, అమ్మ ఉద్యోగంలో చేరిన తేదీ, మొదటి ఇంటి డోరు నంబరు, పాత ల్యాండ్‌లైను చివరి నాలుగు అంకెలు. వీటిలో ఏదో ఒకటి తగులుతుంది. బయటివాళ్లకు అది మామూలు నంబరు. మీకు మాత్రం తలుపు తీసిన ప్రతిసారీ ఒక మనిషి గుర్తొస్తాడు.

ఇక కూడిక. మన వైపు నంబరు అడిగేవారిలో ఎక్కువమందికి కావలసింది అంకెలన్నీ కూడితే తొమ్మిది రావడం. రెండంకెలు వస్తే వాటినీ మళ్లీ కూడాలి. నమ్మకాన్ని నేను కాదనను, లెక్క మాత్రం చెబుతాను. 1 నుంచి 9999 వరకు కూడితే తొమ్మిది తేలే నంబర్లు 1111 ఉన్నాయి. అంటే ప్రతి తొమ్మిదో నంబరు మీరు కోరుకున్నదే. 2709, 4536, 6318 అన్నీ తొమ్మిదే. తొమ్మిది కోసం 9999 పాడుకోనక్కరలేదు. సిరీస్, అంటే నాలుగు అంకెలకు ముందు అక్షరాలతో నడిచే వరస, ఎక్కడ నడుస్తోందో చూసుకొని, దగ్గరలో ఉన్న మామూలు నంబరును తక్కువ రుసుముతో కోరుకుంటే చాలు. ఎనిమిది శనిది అని భయపడేవారికి ఇంకొక మాట. నూటపదహారు కూడి చూడండి. ఎనిమిదే వస్తుంది. తరతరాలుగా శుభకార్యంలో తాంబూలంలో పెట్టి ఇస్తున్నాం, ఎవరికీ కీడు జరగలేదు. వెయ్యి నూటపదహారు కూడితే తొమ్మిది. 1116 కావాలనేవారికి నేనిచ్చే భరోసా ఇది: ఒకే నంబరులో మర్యాదా ఉంది, కూడికా ఉంది.

కొందరు అంకెలే కూడతారు, కొందరు సిరీస్ అక్షరాలకు కూడా విలువలు వేసి కూడతారు. మీ ఇంటి జ్యోతిష్యులది ఏ పద్ధతో బండి బుక్ చేయకముందే అడగండి. నంబరు వచ్చాక అడిగి, మనసు పాడుచేసుకొని నా దగ్గరికి వచ్చినవారున్నారు. అప్పుడు చేయగలిగింది ఏమీ ఉండదు.

నంబరు సంపాదించే దారి కష్టమైనది కాదు. బండి బుక్ చేసిన రోజే డీలరుకు గట్టిగా చెప్పాలి: నంబరు నేను ఎంచుకుంటాను, వరసలో వచ్చినది వేయించవద్దు. ఈ ఒక్క మాట చెప్పక ఎందరో నష్టపోయారు. తాత్కాలిక రిజిస్ట్రేషన్ చేతికి రాగానే రవాణా శాఖ వెబ్‌సైటులో ప్రస్తుతం ఏ సిరీస్ నడుస్తోందో, మీ నంబరు ఇంకా ఖాళీగా ఉందో లేదో చూడండి. అయిపోయి ఉంటే కొత్త సిరీస్ వచ్చేదాకా ఆగాలి. తాత్కాలిక రిజిస్ట్రేషన్ గడువు అంతవరకు ఉంటుందా అన్నది ఒకసారి చూసుకోండి. ఒక్కో తరగతి నంబరుకు ఒక్కో కనీస రుసుము ఉంటుంది. ఈ పట్టిక ప్రభుత్వం మారుస్తూ ఉంటుంది కాబట్టి పోయినేడు బావమరిది కట్టిన లెక్క ఈ ఏడు పనికిరాదు. రుసుము కట్టి కోరుకున్నది మీరొక్కరే అయితే ఆ రుసుముకే నంబరు మీది. ఇంకొకరు కూడా కోరుకుంటే పాట. ఎక్కువ పాడినవారిది. గెలిచాక చెప్పిన గడువులోగా మిగతా డబ్బు కట్టి బండి నమోదు చేయించకపోతే నంబరూ పోతుంది, కట్టిన రుసుమూ చేతికి రాదు. ఓడితే ఏం తిరిగి వస్తుందో కట్టకముందే నిబంధనలో చదవండి.

మధ్యవర్తి "నేను చూసుకుంటాను" అంటే వద్దనండి. మీ ఫోనుకు వచ్చే ఓటీపీతో మీరే చేయగలిగిన పని ఇది.

పాటకు కూర్చొనే ముందు ఒక కాగితం మీద మీ హద్దు రాసి ఇంట్లోవాళ్ల చేతిలో పెట్టండి. పాటలో మనిషి మారిపోతాడు. హైదరాబాదు ఖైరతాబాద్ కార్యాలయంలో 2024 ఆగస్టులో 9999 నంబరు 25 లక్షల 50 వేలు దాటింది. కేరళలో 2025 ఏప్రిల్‌లో 0007 నంబరు దాదాపు 46 లక్షలకు వెళ్లింది. చండీగఢ్‌లో 2022లో ఒకాయన 0001 కోసం 15 లక్షల 44 వేలు పాడారు. దాన్ని పెట్టింది డెబ్బై వేల రూపాయల చిల్లర ఖరీదున్న స్కూటరుకు. జనం నవ్వారు కానీ నేను నవ్వలేదు. తన డబ్బుతో తనకు ఇష్టమైనది కొనుక్కున్నాడు, డబ్బు ప్రభుత్వానికి చేరింది. నాకు బాధ కలిగించింది హర్యానా సంగతి. 2025 నవంబరులో అక్కడ 8888 నంబరును కోటీ 17 లక్షల దాకా పాడి, ఆ పాడినవారు గడువులోగా డబ్బు కట్టలేదు. కట్టలేని పాట పాడితే నిజంగా కావలసినవాడి చేతిలోంచి లాక్కున్నట్లే. అలా చేయకండి.

ఇంకొకటి గుర్తుంచుకోండి. చాలాచోట్ల నంబరు బండిదే, మనిషిది కాదు. కారు అమ్మితే నంబరు కొన్నవాడితో వెళ్లిపోతుంది. ఢిల్లీ, ఉత్తరప్రదేశ్ లాంటి కొన్ని రాష్ట్రాలు పాత నంబరును కొత్త బండికి మార్చుకొనే వీలు కల్పించాయి. మీ రాష్ట్రంలో, మీ పరిస్థితికి అది వర్తిస్తుందో లేదో అడిగి తెలుసుకున్నాకే పెద్ద మొత్తం పెట్టండి. అయిదేళ్లకు కారు మార్చే అలవాటున్న వారికి ఇది చిన్న విషయం కాదు.

నంబరు ఊరి పేరు చెప్పే కాలం పోయింది. ఏపీ 16 అంటే కృష్ణా, 7 అంటే గుంటూరు, 37 అంటే పశ్చిమ గోదావరి. తిరుపతి కొండ కింద బండ్లు ఆపే చోట మన 16 కనిపిస్తే వెళ్లి పలకరించేవాళ్లం. 2019లో ఆంధ్రప్రదేశ్ అంతటికీ ఒకే 39 వచ్చాక ఆ పలకరింపులు తగ్గాయి. తెలంగాణలో 2024 మార్చి నుంచి టీఎస్ పోయి టీజీ వచ్చినా ప్రాంతం సంఖ్య నిలిచింది, అది వాళ్ల అదృష్టం. ఊరిని ప్లేటు మీద చూసుకోవాలనుకొనే మా వాళ్లకు ఇక మిగిలింది నాలుగు అంకెలే.

అమెరికాలో ఉన్నవాళ్లకు అక్షరాలే దొరుకుతాయి. అక్కడ చాలా రాష్ట్రాల్లో ఏడు అక్షరాలదాకా మనకు నచ్చినది రాయించుకోవచ్చు. మా అక్క కొడుకు ఫోను చేసి గోదావరి అని పెట్టుకుంటానన్నాడు. ఆంగ్లంలో ఎనిమిది అక్షరాలవుతుంది. మొదటి 'ఏ' తీసేసి ఏడుకు సరిపెట్టాడు. మంచి పని చేశావన్నాను. అక్కడివారికి నేను చెప్పేది ఒకటే: కాగితం మీద పెద్ద అక్షరాలతో ఎడం లేకుండా రాసి, తెలుగు రానివారి చేత గట్టిగా చదివించండి. మనకు ముద్దుగా ఉన్న మాట వాళ్ల నోట బూతుగా పలికితే దరఖాస్తు తిరిగి వస్తుంది.

నంబరు ఏదైనా, అది చదవగలిగేలా ఉండాలి. ఈ ఒక్క విషయంలో నేను ఎవరి మాటా వినను. కారణం ఉంది. కొన్నేళ్ల కిందట ఒక యువకుడు తన కారుకు తీగలు అల్లినట్లు అంకెలు రాయమన్నాడు. రెండుకు హంస తోక, ఏడుకు కొడవలి వంపు. నిబంధన ఒప్పుకోదని తెలిసీ, మామూలు కూలికి మూడింతలు ఇస్తానంటే రాసిచ్చాను. రెండు నెలల తరవాత మా వీధిలో పాలు పోసే ఆయనను తెల్లవారుజామున ఒక కారు గుద్దేసి ఆగకుండా వెళ్లిపోయింది. కాలు రెండుచోట్ల విరిగింది. టీ కొట్టు దగ్గర ఉన్న కుర్రాడు ప్లేటును స్పష్టంగా చూశాడు. అయినా చదవలేకపోయాడు. "నంబరు కాదండీ, ముగ్గులాగా ఉంది. చివర హంస తోక ఒకటి ఉంది" అన్నాడు. ఆ మాట నా చెవిన పడగానే నిలబడలేకపోయాను. ఆ నంబరు చదవగలిగినవాణ్ణి ఊళ్లో నేనొక్కణ్ణే. పోలీస్ స్టేషనుకు వెళ్లి చెప్పాను, రాసింది నేనేనని కూడా చెప్పాను. బండి దొరికింది. పాలాయన ఇప్పటికీ కర్ర పట్టుకొనే నడుస్తాడు. ఆ రోజు నుంచి ఎంత ఇస్తామన్నా వంపులు రాయలేదు.

అందుకే అచ్చుగుద్దిన ప్లేటు నా పని తీసుకుపోయినా దాన్ని నేను నిందించను. అందరి అంకెలూ ఒకే తీరుగా ఉంటాయి. ఎడమవైపు నీలి రంగు చక్రం హోలోగ్రాము, దాని దిగువన లేజరుతో చెక్కిన సంఖ్య, ఊడదీస్తే విరిగిపోయే బిగింపు. దాని మీద మెరిసే ఫ్రేమూ, స్టిక్కరూ, కులం పేరూ, పదవి పేరూ వేయించకండి. నల్లటి అద్దం బిగించకండి. 8055ను వంచి ఆంగ్లంలో 'బాస్' (BOSS) అని చదివించే ప్రయత్నం అసలే వద్దు. లక్షలు పోసి పాడుకున్న నంబరును చదవకుండా చేసుకోవడమెందుకు?

నలుగురికీ గుర్తుండే నంబరు తీసుకుంటే మీ నడత కూడా వాళ్లకు గుర్తుంటుంది. ఆసుపత్రి గేటుకు అడ్డంగా 6318 నిలిపితే మరచిపోతారు. 9999 నిలిపితే ఆ వీధి పదేళ్లు చెప్పుకుంటుంది. అంత పెద్ద నంబరు పాడుకొనేవారిని నేను ఒక్క ప్రశ్న అడుగుతాను: బండి నడిపేది మీరా, డ్రైవరా? డ్రైవరైతే అతనికి ఈ మాట ముందే చెప్పండి.

ప్లేటు బిగించాక డీలరు దగ్గరే ఆర్సీ పక్కన పెట్టి ఒక్కో అక్షరం సరిచూడండి. 'బి' స్థానంలో 8, 'ఓ' స్థానంలో సున్నా పడిన ప్లేట్లు నేను చూశాను. ముందుదీ వెనుకదీ రెండూ చూడండి, అద్దం మీది స్టిక్కరులో కూడా అదే నంబరు ఉండాలి. తరవాత ఇంటికి తీసుకువెళ్లి వీధిలో నిలిపి, మూడో తరగతి చదివే పిల్లో పిల్లవాడో ఉంటే ఇరవై అడుగుల దూరంలో నిలబెట్టి గట్టిగా చదవమనండి. ఆగకుండా చదివితే బండి బయటికి తీయండి.