వరద కట్ట నెర్రెలిస్తే: ఇసుక గోడ, పగుళ్ల మరమ్మతు

మహారాష్ట్ర నాందేడ్ జిల్లాలోని దేగ్లూర్, బిలోలి, ధర్మాబాద్ వైపు నాలాల మీద వరదను ఆపడానికి వేసే మట్టికట్టల్లో నీళ్లు నిలిచేది ఏడాదిలో కొద్ది రోజులే. గేటు లేని తూము చెరువును రెండు మూడు రోజుల్లో ఖాళీ చేస్తుంది. మిగతా కాలమంతా కట్ట ఎండుతుంది, నల్లరేగడి నెర్రెలు విచ్చుతుంది. ఒక్క రాత్రిలో వరద వచ్చి పడితే, రేగడి ఉబ్బి నెర్రె పూడుకునేలోపే నీళ్లు అందులో దూరి మట్టిని కోసుకుపోతాయి. కట్ట పొడుగునా పోయే పగులు అంత తొందరపెట్టదు. లోపలి ముఖం నుంచి వెనక్కి అడ్డంగా పోయేదే కట్టను తెంచుతుంది.

కొత్తగా వేస్తుంటే రేగడిని నడుమ గర్భంలోనే వాడండి. పైనా, రెండు పక్కలా మొరం కప్పాలి. నెత్తిన కనీసం అర మీటరు. వదులుగా 20 సెం.మీ. పోసిన పొర 8–10 టన్నుల రోలరు కింద 15కి దిగాలి. మట్టి పిడికిట్లో ముద్ద కట్టాలి, చేతికి అంటకూడదు. తరువాతి పొర వేసేముందు కింది దాన్ని గీకి తడపండి. నున్నగా వదిలేస్తే ఆ అతుకులోంచే ఊట.

గర్భానికి వెనకవైపు, అంటే నీళ్లు నిలవని వైపు ఆనించి, అడుగు నుంచి గరిష్ఠ వరద మట్టం దాకా మీటరు వెడల్పు ఇసుక గోడ లేపండి. ఖర్చు తగ్గించాలంటే ముందు దీన్నే లెక్కలోంచి కొట్టేస్తారు, అది తప్పు. రేగడి పగిలినా ఇసుక పగులు నిలుపుకోదు, జారి పూడుకుంటుంది. కొట్టుకొచ్చే మట్టిని పట్టి నీటిని మాత్రమే వదులుతుంది. గోడ అడుగును వెనక వాలు నేలను తాకే చోటి (కట్ట కాలి) రాళ్ల దాకా ఇసుక, కంకర పొరతో కలపాలి. ఇసుకలో దుమ్ము 5 శాతం దాటకూడదు. పరీక్ష సులువు: తడి ఇసుకను గ్లాసులో కూరి పళ్లెంలో బోర్లించి, చుట్టూ మెల్లగా నీళ్లు పోయండి. ముద్ద కూలితే మంచి ఇసుక, నిలబడితే పనికిరాదు. కడగని క్రషర్ ఇసుక తరచూ ఇక్కడే తప్పుతుంది.

పాత కట్ట పగుళ్లను మే నెలలో చూడాలి. పైనుంచి పొడిమట్టి, సిమెంటు పోస్తే నోరు మూసుకుంటుంది, కడుపు ఖాళీగానే ఉంటుంది. పలుచని సున్నపు నీళ్లు పోసి, తెల్లచార వెంట తవ్వండి. చార ఆగిన చోటు నుంచి ఇంకో 30 సెం.మీ. దిగాలి. లోతు ఒకటిన్నర మీటరు దాటితే పక్కలను వాలుగా చెక్కండి, లేకపోతే గుంత పక్కలు విరిగి మనుషుల మీద పడతాయి. అంచులు ఆరకముందే తడి రేగడిని 10 సెం.మీ. పొరలుగా దిమ్మిసతో కొట్టి నింపి, పైన మొరం కప్పేయండి.

తూము గొట్టం పక్కలకు రోలరు చేరదు, అక్కడా దిమ్మిసే. ఆ మట్టి కుంగితే ఎంత పెద్ద కట్టయినా ఆగదు. పుణె దగ్గరి పాన్‌షెత్ ఆనకట్ట 1961 జులై 12న తూము మీద కుంగే తెగింది. ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే మత్తడిని కట్టకు పోసిన మట్టి మీద కాక, పక్కగట్టు గట్టినేల మీదే కోయండి. కట్ట మీద మొలిచిన సర్కారు తుమ్మను మొక్కగానే పీకాలి. మానయ్యాక నరికితే వేరు కుళ్లి, నీళ్లకు అదే గొట్టమవుతుంది.