తులసి కుండీ రంగు ఎందుకు రాలిపోయిందంటే

పోయిన వేసవిలో మా తులసి కుండీకి యాక్రిలిక్ రంగులతో ముచ్చటగా ముగ్గులు వేశాను. రెండు నెలలు తిరక్కుండానే పెచ్చులు లేచి రాలిపోయింది. రంగు మంచిదే, వేసిన పద్ధతే తప్పు.

యాక్రిలిక్ రంగులో ఉండేది రంగుపొడి, నీళ్లు, ఒక రకం ప్లాస్టిక్ బంక. నీళ్లు ఆరిపోతే బంక సన్నటి పొరలా మిగులుతుంది, ఆ పొరకి కింద పట్టు దొరకాలి. అందుకే ఏ వస్తువు తీసుకున్నా ముందు ఒక నీటి చుక్క వేసి చూడండి. పీల్చుకుంటే ఒక దారి, ముత్యంలా నిలబడితే ఇంకో దారి.

మట్టి కుండీ బాగా పీలుస్తుంది, చిక్కంతా అక్కడే. మొక్కకి పోసిన నీళ్లు గోడలోంచి ఊరుతూ బయటికొచ్చి రంగుని వెనకనుంచి తోసేస్తాయి. కాబట్టి కొత్త కుండీని కడిగి, రెండు మూడు రోజులు బాగా ఆరనిచ్చి, బయట రంగు వేసే ముందే లోపల వాటర్‌ప్రూఫ్ కోటింగ్ రెండుసార్లు పూయాలి. అంత ఓపిక లేకపోతే మొక్కని ప్లాస్టిక్ కుండీలో ఉంచి, దాన్ని ఇందులో దించేయండి, నేనిప్పుడు చేస్తున్నది అదే. దీపావళి ప్రమిదలకైతే బయటే వేయండి, నూనె, మంట తగిలే లోపలి వైపూ ఒత్తి పెట్టే ముక్కూ వదిలేయాలి.

గాజు సీసా దీనికి పూర్తిగా వ్యతిరేకం, చుక్క కూడా పీల్చదు. లేబుల్ నానబెట్టి తీసి, సబ్బుతో కడిగి, ఆరాక సర్జికల్ స్పిరిట్‌తో తుడవండి, ఆ తర్వాత వేలు తగిలినా ఆ జిడ్డు మీద రంగు నిలవదు. మొదటి పూత బ్రష్‌తో కాకుండా స్పాంజి ముక్కతో పల్చగా అద్దాలి. అది పూర్తిగా ఆరకముందే రెండోది వేశారా, కింద పొర బ్రష్‌తోపాటే ఊడొచ్చేస్తుంది. చేతికి ఆరినట్టే ఉన్నా గట్టిపడటానికి వారాలు పడుతుంది, అందాకా కడగొద్దు. తాగే గ్లాసులకి, తినే పళ్లేలకి మాత్రం ఈ రంగులు వద్దు.

గుడ్డ మీద వేయాలంటే ముందు ఉతికి గంజి పోగొట్టాలి, లేకపోతే రంగు గంజికి అంటుకుని మొదటి ఉతుకుకే పోతుంది. రెండు వంతుల రంగుకి ఒక వంతు ఫ్యాబ్రిక్ మీడియం (బట్ట మీద వేసే రంగులో కలిపే ద్రవం) కలిపితే బట్ట అట్టముక్కలా బిగుసుకోదు. మర్నాడు తిరగేసి ఇస్త్రీ చేయండి.

చెక్కకి పెద్దగా కష్టం లేదు: ఉప్పు కాగితంతో రుద్ది, దుమ్ము తుడిచి, ఒక పూత ప్రైమర్ (రంగుకి పట్టు దొరకడానికి ముందు వేసే అడుగు పూత). ఎండీఎఫ్ (చెక్క పీచుని నొక్కి చేసిన పలక) అంచులు మాత్రం నీళ్లు తాగి ఉబ్బుతాయి, అక్కడ ప్రైమర్ రెండుసార్లు వేయాలి. ఇనుప డబ్బాలకైతే తుప్పంతా గీకి మెటల్ ప్రైమర్ వేశాకే రంగు.

రంగు చిక్కగా ఉందని నీళ్లు ధారాళంగా కలిపేయకండి, బంక పల్చబడి పట్టు పోతుంది. బ్రష్‌ని పని మధ్యలో నీళ్ల మగ్గులోనే ఉంచండి కానీ రాత్రంతా తలకిందులుగా నానబెట్టొద్దు, కుచ్చు వంకర పోతుంది. అలా పాడైన బ్రష్‌లు నా దగ్గర నాలుగున్నాయి, ఇప్పుడు కీబోర్డు దుమ్ము దులపడానికి వాడుతున్నాను.