కంప్యూటర్ యానిమేషన్ నేర్చుకుందాం – 4: బంతి నేలను తాకే ఫ్రేము

పోయిన పాఠంలో బంతిని ఎగరేయమన్నాను. హనుమకొండ, కరీంనగర్, మంచిర్యాల నుంచి ఫైళ్లు వచ్చాయి. దాదాపు అన్నింటిలో ఒకటే జబ్బు. పైనుంచి బాగానే బయల్దేరిన బంతి నేల దగ్గరికి రాగానే లిఫ్ట్ ఆగినట్టు మెల్లగా ఆగి, మెల్లగా లేస్తోంది. అందుకే నడక పాఠం వచ్చేసారికి వాయిదా వేసి, ముందు దీని సంగతి చూద్దాం. మనం వాడే యానిమేషన్ సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌లో బంతి చేయడం, కీలు (ఏ ఫ్రేములో, అంటే ఏ బొమ్మలో, బంతి ఎక్కడ ఉండాలో మనం పెట్టే గుర్తులు) పెట్టడం మళ్లీ చెప్పను.

రెండు కీల మధ్య ఫ్రేములను కంప్యూటర్ నింపుతుంది. చేత్తో గీసే రోజుల్లో ఆ పని అసిస్టెంట్లది. కానీ ఏ బొమ్మ దేనికి ఎంత దగ్గరగా ఉండాలో కాగితం అంచున గీతలతో చార్టు వేసి ఇచ్చేది యానిమేటరే. మనకు ఆ చార్టు బ్లెండర్‌లోని గ్రాఫ్ ఎడిటర్, బంతి ఎత్తు ఫ్రేము ఫ్రేముకూ ఎలా మారుతోందో గీతగా చూపించే కిటికీ. మీలో చాలామంది దాన్ని తెరవనేలేదు.

లెక్క చూడండి. బంతి అడుగు నేలను తాకే ఎత్తు సున్నా అనుకోండి. 1.2 మీటర్ల ఎత్తు నుంచి వదిలితే సుమారు అర సెకనులో నేలకు తగులుతుంది. సెకనుకు 24 ఫ్రేములు కాబట్టి 1వ ఫ్రేములో వదిలితే 13వ ఫ్రేములో తాకాలి. మొదటి 3 ఫ్రేముల్లో పడేది ఏడున్నర సెంటీమీటర్లే. 6 ఫ్రేములు గడిచేసరికి 30. మిగతా 90 సెంటీమీటర్లూ చివరి 6 ఫ్రేముల్లోనే! బ్లెండర్‌కు వదిలేస్తే 7వ ఫ్రేముకు సరిగ్గా సగం దూరం దింపి, అక్కణ్నుంచి వేగం తగ్గిస్తుంది. పెరగాల్సిన చోట తగ్గుతోందన్నమాట.

గ్రాఫ్ ఎడిటర్‌లో 13వ ఫ్రేము కీని పట్టుకుని, కీబోర్డులో V అక్షరం నొక్కి, వెక్టర్ ఎంచుకోండి. గుండ్రంగా ఉన్న మలుపు మొనదేలుతుంది. అక్కడితో ఆగొద్దు. ఆ కీకి ఎడమవైపున్న హ్యాండిల్‌ను (గీత వంపును మార్చే పిడిని) ఇంకొంచెం పైకి లాగండి, 7వ ఫ్రేములో ఎత్తు 0.9 చూపించేదాకా. కుడివైపూ అదే పని. పైనున్న కీలను మాత్రం ముట్టొద్దు, అక్కడ గుండ్రంగానే ఉండాలి. ఈ ఒక్క కీ సరిగా లేకపోతే ఎంత మంచి లైటింగ్ పెట్టినా బంతికి బరువు రాదు. నేనైతే గ్రాఫ్ కుదిరేదాకా రంగులు, టెక్స్చర్ల జోలికే పోను.

కదలికే ముఖ్యమనడానికి ఒక ఉదాహరణ చెప్తాను. అమెరికన్ యానిమేటర్ జాన్ లాసెటర్ చేత్తో గీసే యానిమేషన్ నేర్చుకుని కంప్యూటర్ల దగ్గరికి వచ్చినవాడు. 1986లో 'లక్సో జూనియర్'లో రెండు టేబుల్ ల్యాంపులకు ముఖాల్లేకుండానే పెద్దది, పిల్లది అనిపించేలా చేశాడు. చేత్తో గీసే యానిమేషన్ పాత సూత్రాలు కంప్యూటర్‌కు ఎలా పనికొస్తాయో 1987లో ఒక పత్రం రాశాడు. 1995లో ఆయన దర్శకత్వంలో 'టాయ్ స్టోరీ' వచ్చింది, పూర్తిగా కంప్యూటర్‌తో చేసిన మొదటి పూర్తి నిడివి సినిమా. అప్పటి యంత్రాలకు చర్మం, జుట్టు కష్టం, ప్లాస్టిక్ తేలిక. అందుకే ఆటబొమ్మల కథ బాగా కుదిరింది. అయినా ఆ బొమ్మలను మనం నమ్మింది కదలిక వల్లే.

అభ్యాసం: సుబేదారి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్ అయినా, మీ ఇంటి వెనక గోడ అయినా సరే. గోడ మీద పది సెంటీమీటర్లకో సుద్దగీత గీసి, కార్క్ బాల్, రబ్బరు బంతి ఒక్కొక్కటిగా వదిలి ఫోన్‌లో స్లో మోషన్ తీయండి. ఫ్రేము ఫ్రేము ఆపి ఎత్తులు కాగితం మీద రాసుకోండి. తర్వాత బ్లెండర్‌లో రెండూ ఒకే సైజు, ఒకే బూడిద రంగులో చేసి ఇంట్లోవాళ్లకు చూపించండి. ఏది కార్కో వాళ్లు చెప్పగలగాలి. చెప్పలేకపోతే మళ్లీ చేయండి. నాకు వీడియో వద్దు, గ్రాఫ్ స్క్రీన్‌షాట్ పంపండి.