గొంతునొప్పితో పాటు చెవిపోటు కూడా వస్తే ఏం చేయాలి?

గుటక వేస్తే గొంతులో ముల్లు గుచ్చుకున్నట్టుంటుంది. అదే క్షణంలో చెవిలో ఒక పోటు పొడుస్తుంది. ఇంట్లో ఎవరో ఒకరు నూనె వెచ్చబెట్టి చెవిలో రెండు చుక్కలు వేద్దామంటారు. దయచేసి ఆగండి. ఇలాంటప్పుడు చాలాసార్లు జబ్బు గొంతులో ఉంటుంది, నొప్పి మాత్రమే చెవిలో తెలుస్తుంది.

రెండూ కలిసి ఎందుకు వస్తాయి?

ముక్కు వెనక భాగం నుంచి మధ్యచెవికి ఒక సన్నటి గొట్టం ఉంటుంది. పేరు యూస్టేషియన్ ట్యూబ్, పెద్దవాళ్లలో పొడవు సుమారు 3.5 సెంటీమీటర్లు. గుటక వేసినప్పుడు, ఆవలించినప్పుడు అది క్షణంపాటు తెరుచుకుంటుంది. అప్పుడు చెవిలో వినిపించే చిన్న ‘టక్’ దానిదే. జలుబు చేసి ఈ గొట్టం వాచిందంటే చెవిలోకి గాలి ఆడదు, చెవి దిబ్బడ వేస్తుంది. కర్ణభేరి వెనక నీరు చేరి, అందులో క్రిములు పెరిగితే అప్పుడది నిజంగానే చెవి ఇన్ఫెక్షన్. పిల్లల్లో ఈ గొట్టం పొట్టిగా, ఏటవాలు తక్కువగా ఉంటుంది కాబట్టి వాళ్లకి ఈ బాధ ఎక్కువ.

రెండో కారణం నరం. టాన్సిల్స్ నొప్పినీ మధ్యచెవి నొప్పినీ మెదడుకి చేరవేసేది ఒకే నరం. అందుకే గొంతు పుండైతే, చెవి శుభ్రంగా ఉన్నా పోటు వస్తుంది.

ముందు నొప్పి ఎక్కడిదో చూడండి

చెవిని మెల్లగా లాగండి, రంధ్రం ముందున్న బుడిపెను నొక్కండి. నొప్పి పెరిగితే సమస్య బయటి చెవిలో ఉండొచ్చు. నోరు తెరిచి మూసినప్పుడు చెవి ముందు నొస్తే దవడ కీలునో, పంటినో అనుమానించాలి.

తర్వాత అద్దం ముందు నిలబడి, ఫోన్ టార్చ్ వేసుకుని ‘ఆ’ అనండి. కొండనాలుకకి రెండు పక్కలా కనిపించేవే టాన్సిల్స్. అవి ఎర్రగా వాచి, తెల్లటి మచ్చలు పట్టి, దగ్గు లేకుండా జ్వరం ఉండి, మెడలో గడ్డలు తగిలితే స్ట్రెప్ బ్యాక్టీరియా కావచ్చు. దాన్ని కంటితో చూసి ఖాయం చేయలేం, డాక్టర్ గొంతు పరీక్ష చేయించాలి. ముక్కు కారుతూ, దగ్గుతో, గొంతు బొంగురుపోతే అది చాలావరకు వైరస్సే. వారంలో తగ్గుతుంది, యాంటీబయాటిక్ దానిమీద పనిచేయదు. పొద్దున్నే నోరు పుల్లగా ఉండి గొంతు మండుతుంటే కడుపులోని ఆమ్లం పైకి తంతోందేమో చూసుకోండి.

ఇంట్లో చేయవలసినవి

గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర టీస్పూను ఉప్పు కలిపి, తల వెనక్కి వంచి పుక్కిలించండి. రోజుకి మూడు నాలుగుసార్లు చేస్తే గొంతు వాపు కాస్త సర్దుకుంటుంది. మింగేయకుండా ఉమ్మగల వయసు వచ్చిన పిల్లలకే ఇది చెప్పండి. తేనె గొంతుకి హాయినిస్తుంది, కానీ ఏడాది నిండని పసిపిల్లలకి పెట్టకూడదు.

నొప్పికి పారాసిటమాల్ చాలు. పెద్దవాళ్లు ఒక మోతాదుకీ ఇంకో మోతాదుకీ కనీసం 4 నుంచి 6 గంటల ఎడం ఉంచాలి, రోజు మొత్తంలో 4 గ్రాములు దాటకూడదు. లివర్ జబ్బున్నవాళ్లు, మద్యం అలవాటున్నవాళ్లు అంతకంటే తక్కువే వాడాలి, ఎంతో డాక్టర్‌నే అడగండి. జలుబు మాత్రల్లో కూడా పారాసిటమాల్ ఉంటుంది, లెక్కలో కలిపేసుకోండి. పిల్లలకి మోతాదు బరువును బట్టి ఇవ్వాలి. ఆస్పిరిన్ మాత్రం పిల్లలకీ టీనేజర్లకీ ఇవ్వొద్దు.

చెవికి వెచ్చటి గుడ్డ పది నిమిషాలు ఆనించండి, ముందు ఆ వేడి మీ ముంజేతిమీద చూసుకోండి. తల ఎత్తుగా పెట్టుకుని పడుకుంటే రాత్రి పోటు తగ్గుతుంది. నీళ్లు కొంచెం కొంచెంగా తాగుతూ ఉండండి, ప్రతి గుటకా ఆ గొట్టాన్ని తెరుస్తుంది. ముక్కు గట్టిగా చీదకండి, ఒక్కో రంధ్రంగా మెల్లగా చీదండి. చెవిలో పుల్లలు, ఇయర్ బడ్స్, నూనె వద్దు. కర్ణభేరికి చిల్లు పడి ఉంటే నూనె నేరుగా లోపలికి పోతుంది.

ఎప్పుడు ఆగకూడదు?

ఊపిరి ఆడకపోయినా, సొంత ఉమ్మి మింగలేక చొంగ కారుతున్నా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి. నోరు పూర్తిగా తెరుచుకోక, మాట ముద్దగా వస్తూ, ఒక పక్కే విపరీతంగా నొస్తుంటే టాన్సిల్ పక్కన చీము పట్టి ఉండొచ్చు, అదీ ఆ రోజే చూపించాల్సిందే. చెవి వెనక వాచినా, మెడ బిగుసుకున్నా, మూతి వంకరపోయినా అంతే. మూడు నెలల్లోపు పాపకి జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ చేరితే ఇంట్లో వైద్యం వద్దు.

చెవి నుంచి చీము కారినా, రెండు మూడు రోజులైనా నొప్పి తగ్గకపోయినా డాక్టర్‌కి చూపించండి. స్ట్రెప్ అని తేలి యాంటీబయాటిక్ రాస్తే, రెండో రోజుకే హాయిగా అనిపించినా చెప్పినన్ని రోజులూ వాడండి. ఇక ఒకే పక్క గొంతు, చెవి మూడు వారాలు దాటినా నొస్తూనే ఉంటే, ముఖ్యంగా పొగ, పొగాకు, మద్యం అలవాటున్నవాళ్లు, ఈఎన్‌టీ డాక్టర్ చేత గొంతు లోపలి దాకా పరీక్ష చేయించుకోవాలి. గొంతు క్యాన్సర్ కొందరిలో మొదట ఇలా చెవిపోటుగానే బయటపడుతుంది.